సారు లేని క్లాసు: ‘మెర్లీ’ సీరియల్ ఏం చెప్పింది?

నేను తొమ్మిదో తరగతి చదివేటప్పుడు మా సోషల్ సారు సచ్చిపోయిండు. ఐతారం రాత్రి గుండెల నొప్పి అన్నడట, తెల్లారేసరికి లేడు. సోమారం ప్రేయర్ల పెద్దసారు ఒక్క ముక్కల చెప్పిండు. రెండు నిమిషాలు మౌనం పాటించమన్నడు. అటెన్క సెలవన్నడు. సెలవు అనంగనే ఎనుక వరుసల పోరగాళ్లు కొందరు సంబురపడ్డరు. అబద్ధమెందుకు, అండ్ల నేను సుత ఉన్న. ఆ పొద్దు చెరువుకట్ట కాడ క్రికెట్ ఆడినం. ఆట నడుమ ఒక దోస్తుగాడు బ్యాటు కింద పడేసి, కూసుండి ఏడ్సుడు షురూ చేసిండు. ఎందుకేడుస్తున్నవ్‌రా అని ఎవ్వలం అడగలే. ఎందుకో అందరికి ఎరుకే. వారం దినాలు ఆ పీరియడ్ ఖాళీగనే పోయింది. మల్ల పక్క సెక్షన్ సారు వచ్చి, ఏ పాఠం కాడ ఆగిందో అడిగి, ఆడికెల్లి మొదలువెట్టిండు. సచ్చిపోయిన మనిషి పేరు గూడ ఎత్తలే.

దీనికి ముప్పై ఏండ్లయితున్నయ్. మర్చిపోయిన అనుకున్న. నిరుడు మా మేనకోడలు తన ఫోన్ల ఒక విదేశీ సీరియల్ సూపెట్టింది. ‘మామా, ఇది నీకు నచ్చుతది, సారు మస్తు లొల్లి చేస్తడు’ అన్నది. దాని పేరు ‘మెర్లీ’. నలభై ఎపిసోడ్లు. కింద ఇంగ్లీషు అక్షరాలు ఉరుకుతుంటే కూడబలుక్కుంట నెల రోజులు సూసిన. ఆఖరి ఎపిసోడ్ అయినంక ఫోన్ పక్కకువెట్టి శానసేపు సప్పుడు చెయ్యకుండ కూసున్న. ఆ ముచ్చటే ఇయ్యాల మీతోని పంచుకుంటున్న. కథ ముందే తెలిస్తే సూడబుద్ధి కాదు అనేటోళ్లు ఈడనే ఆగుర్రి. ఎందుకంటే నేను చెప్పబోయేదే ఆఖరి ముచ్చట: ఆ సారు సచ్చిపోతడు.

ముందుగాల ఇది ఏ దేశపు కథనో చెప్పాలె. స్పెయిన్ దేశంల కాటలోనియా అని ఒక ప్రాంతం ఉన్నది, బార్సిలోనా దాని పెద్ద పట్నం. ఆడోళ్ల భాష కాటలాన్. స్పానిష్‌కు సుట్టమే గాని వేరే భాష. 1939 నుంచి 1975ల సచ్చేదాక ఫ్రాంకో అనే నియంత ఆ దేశాన్ని ఏలిండు. ఆయన పాలనల కాటలాన్‌ను బడుల నుంచి, సర్కారు ఆఫీసుల నుంచి ఎళ్లగొట్టిన్రు. ఇంట్ల మాట్లాడుకునే భాష ఒకటి, బడిల రాసే భాష ఇంకొకటి. ఈ బాధేందో మన యాసల రాసేటోళ్లకు, చదివేటోళ్లకు నేను విడమరిచి చెప్పనవసరం లేదు. సినిమాల మన మాటను రౌడీకి, నౌకరికి, నవ్వులాటకు పెట్టిన రోజులు మనం సూసినోళ్లమే. ఫ్రాంకో పోయినంక కాటలోనియా వాళ్లు తమ భాషల సొంత టీవీ పెట్టుకున్నరు. 1983ల షురువైన దాని పేరు టీవీ3. గా టీవీలనే 2015 సెప్టెంబర్ 14న ‘మెర్లీ’ మొదలైంది, 2018 జనవరి 15న ఖతమైంది. రాసింది ఎక్టర్ లొజానో, డైరెక్షన్ ఎడువార్డ్ కోర్తెస్. సారు పాత్ర ఏసింది ఫ్రాన్సెస్క్ ఒరెల్యా. గంత చిన్న భాషల తీసిన సీరియల్‌ను 2016 ఆఖరికి నెట్‌ఫ్లిక్స్ కొనుక్కొని అమెరికా దేశాలల్ల సూపెట్టింది. గట్ల అది దునియా సుట్టొచ్చింది.

ఇగ కథ. మెర్లీ బెర్జెరోన్ యాభై దాటిన మనిషి. ఫిలాసఫీ సారు. పెండ్లం నుంచి ఇడిపోయిండు. సీరియల్ మొదలైతుంటెనే ఆయన్ను ఉంటున్న ఇంట్లకెల్లి ఎళ్లగొడుతరు. సామాన్లు పట్టుకొని తల్లి ఇంటికి చేరుతడు. తల్లి కార్మినా పాతకాలపు నాటకాల నటి, కొడుకును మించిన నోరు. ఈ ఇల్లు ఖాళీ చేయించుడు ఊకెనే పెట్టిన సీను కాదు. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత స్పెయిన్‌ల బ్యాంకు అప్పు కట్టలేక, కిరాయి కట్టలేక శానమంది రోడ్డున పడ్డరు. ఇండ్లు ఖాళీ చేయించుడు మీద బార్సిలోనాల పెద్ద ఉద్యమమే నడిచింది. ఆ ఉద్యమంల ముందు నిలవడ్డ ఆదా కొలావు అనే ఆమె 2015 జూన్‌ల ఆ పట్నానికే మేయర్ అయింది. ఆ తర్వాత మూడు నెలలకే ఈ సీరియల్ మొదలైంది. సూసేటోళ్లకు ఆ మొదటి సీను ఎంత దగ్గరిదో అర్థం చేస్కోవచ్చు.

గట్ల ఇల్లు లేని సారుకు ఒక సర్కారు బడిల కొలువు దొర్కుతది. ఆ బడి పేరు ఆంజెల్ గిమెరా. కల్పించిన బడే గాని పేరు మాత్రం నిజం మనిషిది, కాటలాన్‌ల నాటకాలు రాసిన పాత రచయితది. మన లెక్కల చెప్పాలంటే ఇంటర్ పిల్లలు. ఆ క్లాసులనే మెర్లీ కొడుకు బ్రూనో ఉంటడు. తండ్రి అంటే వానికి కోపం, సిగ్గు రెండూ. మెర్లీ క్లాసుకు వచ్చి పిల్లలకు ఒక పేరు పెడ్తడు: పెరిపటేటిక్స్. నడుసుకుంట నేర్సుకునేటోళ్లు అని దాని అర్థం. రెండువేల మూడువందల ఏండ్ల కింద ఏథెన్స్‌ల అరిస్టాటిల్ శిష్యులను గట్లనే పిలిచేటోళ్లట. ఈయన సుత పిల్లలను బెంచీల మీదికెల్లి లేపి బడంత తిప్పుకుంట పాఠం చెప్తడు. ఎపిసోడ్ ఎపిసోడ్‌కు ఒక తత్వవేత్త పేరు. ప్లేటో, సోక్రటీస్, నీషే, షోపెన్‌హావర్, ఫూకో. పరీక్ష కోసం కాదు. ఆ వారం పిల్లల బతుకుల వచ్చిన తిప్పలకు ఆ తత్వవేత్త చెప్పిందానికి ఏమన్న సంబంధం ఉన్నదా అని తవ్వుకునేటందుకు.

నన్ను పట్టుకున్నది ఇవాన్ ముచ్చట. ఇవాన్ అనే పోరనికి ఇంట్లకెల్లి బయటికి రావాలంటే భయం. అదొక జబ్బు. బడికి రాడు, తలుపు దాటడు. బడి వానిని రిజిస్టర్ల పేరు లెక్కనే సూసింది. మెర్లీ వాని ఇంటికి పోతడు. దబాయించకుండ, జాలిపడకుండ, మంచం పక్కన కూసుండి మాట్లాడుతడు. మల్ల మల్ల పోతడు. ఆఖరికి వాడు అడుగు బయట పెడ్తడు. బడి మానేసిన పిల్లల ఇండ్లకు తిరిగినోన్ని కాబట్టి చెప్తున్న: ఒక్కసారి పోతే ఏం కాదు. మొదటిసారి తలుపు తీయరు. రెండోసారి తల్లి వచ్చి, వాడు ఇంట్ల లేడని అబద్ధం చెప్తది. ఎన్నోసారికో గిలాసల నీళ్లిస్తరు. గా నీళ్లిచ్చిన కాడికెల్లే పని మొదలైతది. సీరియల్ ఆ ఓపికను సూపెట్టింది.

అట్లని మెర్లీ దేవుడేం కాదు. అబద్ధాలాడుతడు. గర్వం ఎక్కువ. ఆడోళ్ల ఎనుక తిరుగుతడు, అండ్ల తన క్లాసు పిల్లల తల్లులను సుత వదలడు. తోటి సార్లతోని ఎప్పుడూ లొల్లే, ముఖ్యంగ ఎవుజెని అనే భాష సారుతోని. నిజం చెప్పాలంటే నాకు కొన్నిసార్లు ఎవుజెని మీదనే పాపమనిపించింది. దినాం టైముకొచ్చి, సిలబస్ పూర్తిచేసి, పేపర్లు దిద్దే సారును మూర్ఖుని లెక్క సూపెట్టి, నిబంధనలన్నీ తొక్కేటోన్ని హీరోను చేసుడు ఈ తీరు కథలకు అలవాటే. ఒక్క మొనగాడు వస్తడు, బడి మారుతది అనేది అబద్ధం. బడి మారాలంటే పదిమంది సార్లు, వాళ్లకు నెల జీతాలు, సరిపోను గదులు, వంట మనిషికి ఇచ్చే పైసలు ఇవన్నీ గావాలె. ఈ లోటు మెర్లీల ఉన్నది. ఉన్నదని ఒప్పుకొనే ముందుకు పోతున్న.

ఇప్పుడు అసలు ముచ్చట. మూడో సీజన్ ఆఖర్ల మెర్లీ సచ్చిపోతడు. మెదడుకు సంబంధించిన జబ్బుతోని, ఉన్నట్టుండి. నెలల తరబడి మంచాన పడ్డది లేదు, జుట్టు రాలింది లేదు, సూసేటోళ్లను మెల్లగ తయారు చేసింది లేదు. ఇన్ని ఎపిసోడ్లు మనతోని నవ్వి, కొట్లాడి, తిట్టి, తోడు వచ్చిన మనిషి, పిల్లల చదువు గట్టెక్కే టైముకు లేకుండ పోతడు.

సీరియళ్లల్ల గిట్ల చావులు రెండు తీర్లు. ఒకటి, నటుడు నిజంగనే సచ్చిపోతే కథల సుత చంపాల్సి వచ్చుడు. అమెరికాల ‘గ్లీ’ అనే బడి సీరియల్ ఉండె. అండ్ల ఫిన్ అనే పోరడు బడిల పాటగాడు, చదువు అయినంక తిరిగొచ్చి అదే పాటల బృందానికి పాఠాలు చెప్తడు. ఆ పాత్ర ఏసిన కోరీ మాంటీత్ 2013 జులైల, 31 ఏండ్లకే సచ్చిపోయిండు. అక్టోబర్ 10న వాని కోసమే ఒక ఎపిసోడ్ ఏసిన్రు. ఫిన్ ఎట్ల సచ్చిండో అండ్ల చెప్పనే చెప్పలే, కావాలనే చెప్పలే. ఏడ్సే నటులు నిజంగనే ఏడుస్తున్నరు. అది కథ కాదు, దినాల లెక్క. రెండోది, నటుడు బతికుండంగనే పాత్రను రాసినోడు చంపుడు. మెర్లీ రెండో తీరు. ఒరెల్యాకు ఏం కాలే. రాసినోళ్లు కూసుండి, ఈ సారు ఉండొద్దు అని నిర్ణయం చేసిన్రు. కాబట్టి ఎందుకు అని అడిగే హక్కు మనకున్నది.

నాకు తోచిన జవాబు చెప్తా. అందుకు కొంచెం ఎనుకకు పోవాలె. ఫిలాసఫీ సార్ల చావుల పెద్ద పేరున్నది సోక్రటీస్ చావు. క్రీస్తు పూర్వం 399ల ఏథెన్స్ కోర్టు ఆయనకు మరణశిక్ష ఏసింది. పోరగాళ్లను చెడగొడుతున్నవ్, ఊరి దేవుళ్లను మొక్కుతలేవు అని కేసు. విషం తాగాలె. ప్లేటో రాసిన కథ ప్రకారం ఆ ఆఖరి దినం జైలుల శిష్యులు సుట్టు కూసున్నరు, సోక్రటీస్ పొద్దూకేదాక వాళ్లతోని చావు గురించే చర్చ పెట్టిండు. ఆత్మ ఉంటదా పోతదా అని వాదులాట. ఏడ్సేటోళ్లను ఆయనే కోప్పడ్డడు. అంటే ఆ గురువుకు టైము దొరికింది. తన చావును సుత ఒక పాఠం చేసి పోయిండు. ఇంకో సిత్రం ఉన్నది. ఇంత వివరంగ రాసిన ప్లేటో ఆ దినం ఆడ లేడు, పానం బాగలేదట. తానే ఆ ముక్క రాసుకున్నడు. గురువు ఆఖరి పాఠానికి అందని శిష్యుడే దాన్ని దునియాకు అందించిండు.

మెర్లీకి గంత టైము ఇయ్యలే. ఎపిసోడ్‌కు ఒక తత్వవేత్తను పట్టుకొచ్చి బతుకును విడమరిచిన సారు, పిల్లలకు అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఎదురైన పొద్దు విడమరిచేతందుకు లేడు. ఆ ప్రశ్నే ఆయన చావు. ఇగ వాళ్లు తమంత తామే ఆలోచించుకోవాలె. మూడు సీజన్లు నేర్సుకున్నది ఒంటవట్టిందా లేదా అనేది సారు ఉండంగ తెల్వదు. సారు ఉన్నంతసేపు జవాబు సారు మొకంలనే ఎతుకుతరు. రాసినోళ్లు గందుకే ఆయన్ను తీసేసిన్రు అని నాకనిపించింది.

ఎపిక్యురస్ అని ఇంకొక గ్రీకు ఆయన ఉండె. చావుకు భయపడేదేం లేదు, మనం ఉన్నంతసేపు చావు ఉండదు, చావు వచ్చినంక మనం ఉండం అనేది ఆయన వాదం. ఆబిడ్స్‌ల ఐతారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనుక్కొని నాకు నేనే చదువుకున్న రోజులల్ల ఈ మాట నాకు మస్తు నచ్చింది. పదో తరగతితోని బడి బందైనోన్ని, నాకు ఈ పేర్లన్నీ ఆ ఫుట్‌పాత్ మీదనే దొర్కినయ్. ఇప్పుడు ఆలోచిస్తే ఎపిక్యురస్ మాట సచ్చేటోనికి సరిపోతది. ఎనుక మిగిలినోళ్ల సంగతేంది? చావు వచ్చినంక ఉండేది వాళ్లే గద. పొద్దున క్లాసుకు పోతే కుర్చీ ఖాళీగ కనవడేది వాళ్లకే. మెర్లీ ఆఖరి ఎపిసోడ్ మాట్లాడింది ఈ మిగిలినోళ్ల గురించి.

అండ్ల కొడుకు బ్రూనోది ఒక తిప్పల. మిగితా పిల్లలకు సారు పోయిండు, వీనికి నాయిన పోయిండు. నాయిన బతికున్నన్ని రోజులు క్లాసంత పంచుకున్న మనిషి. దుఃఖంల సుత పంచుకోవాల్సిందే. ఇది సార్ల పిల్లలు అందరికి తెలిసిన బాధ. సారు చావుకు ఊరంత వస్తది, అందరూ ‘మా సారు’ అని ఏడుస్తరు, ఇంటోళ్లు ఒక మూలకు నిలవడుతరు.

పోల్ రూబియో ఇంకో పోరడు. కాయకష్టం చేసి బతికే ఇల్లు. తల్లి లేదు. చదువుల ఎనకవడి ఒక క్లాసు రెండోసారి చదువుతున్నడు. మొదటి ఎపిసోడ్‌ల వానిని సూస్తే, వీడు చదువు ఇడిసిపెట్టి ఏదో పనికి పోతడు అనుకుంటం. బ్రూనోకు పోల్ అంటే ప్రేమ. మొగపిల్లగాడు మొగపిల్లగాన్ని ప్రేమిస్తే ఎట్లుంటదో ఎటకారం చెయ్యకుండ సూపెట్టిన సీరియల్ ఇది, ఆ మాట సుత చెప్పాలె. ఆఖరి ఎపిసోడ్ ఏండ్ల తర్వాతకు దుంకుతది. పోల్ ఫిలాసఫీ సారు అయ్యుంటడు. వాడు అదంతా ఎట్ల దాటొచ్చిండో చెప్పేతందుకు ‘మెర్లీ: సపెరే ఔదే’ అని ఇంకో సీరియల్ 2019ల మొదలువెట్టిన్రు. అండ్ల పోల్ బార్సిలోనా యూనివర్సిటీల ఫిలాసఫీ చదువుతుంటడు. కొంతమందికి ఈ ముగింపు మరీ తియ్యగున్నదనిపియ్యొచ్చు. నాకైతే అనిపించలే. కైకిలి చేసుకునే ఇంట్లకెల్లి ఒక్కడు సారు అయితే ఎంతమందికి తొవ్వ పడ్తదో నేను కండ్లార సూసిన.

ఈ కథ వెనుక ఒక రాజకీయం సుత ఉన్నది, అది తెలిస్తే చావుకు ఇంకో అర్థం వస్తది. 2013 ఆఖరికి స్పెయిన్ సర్కారు కొత్త విద్యా చట్టం తెచ్చింది. అప్పటి విద్యామంత్రి వెర్త్ పేరు మీద దాన్ని వెర్త్ చట్టం అంటరు. దాంతోని, కాలేజీకి పోయే ముందటి ఆఖరి సంవత్సరంల అందరూ చదవాల్సిన ఫిలాసఫీ చరిత్ర, అందరికీ తప్పనిసరి కాని సబ్జెక్టు అయింది. కొలువులకు పనికొచ్చేదే చదువు అనే లెక్క. సార్లు, పిల్లలు రోడ్లెక్కిన్రు. సరిగ్గ ఆ టైములనే ఒక టీవీ వారం వారం ప్లేటోను, నీషేను ఇండ్లల్లకు పంపింది. సర్కారు బడిల నుంచి తీసేసిందాన్ని వంటింట్ల కూసోని జనం సూసిన్రు. 2018 జనవరిల మెర్లీ సచ్చిపోయిండు. అదే ఏడు అక్టోబర్‌ల స్పెయిన్ పార్లమెంటు విద్యా కమిటీల అన్ని పార్టీలు ఒక్క మాట మీద నిలవడి ఫిలాసఫీని మల్ల తప్పనిసరి చేయాలన్నయ్. 2020 డిసెంబర్‌ల వచ్చిన కొత్త చట్టం ఆ ఆఖరి సంవత్సరంల దాన్ని అందరికీ మల్ల పెట్టింది. సీరియల్ వల్లనే ఇదంతా అయిందని నేననను. ఏండ్ల తరబడి సార్లు చేసిన కొట్లాట అది. గాని ఒక సబ్జెక్టును సర్కారు గోతిల పెడుతున్నప్పుడు, ఆ సబ్జెక్టు సారును నలభై వారాలు జనం నడుమ బతికించుడు చిన్న పనేం కాదు. మనకాడ ఇంటర్ అంటే ఎంపీసీ, బైపీసీ. అండ్ల ‘ఎందుకు’ అని అడిగే పీరియడ్ ఏదో నాకైతే కనవడలే.

మల్ల నా మొదటి ప్రశ్నకు వస్త. సారు సచ్చిపోయిండని పిల్లలకు ఎవలు చెప్పాలె, ఎట్ల చెప్పాలె? టీవీ, సినిమాలు దీనికి ఒకటి రెండు మంచి జవాబులు ఇచ్చినయ్.

అమెరికాల చిన్నపిల్లల కార్యక్రమం ‘సెసమీ స్ట్రీట్’ల హూపర్ తాత అని కిరాణ దుకాణం ఆయన ఉండె. సారు కాదు గాని పిల్లలకు దినాం కనవడే పెద్దమనిషి. ఆ పాత్ర ఏసిన విల్ లీ 1982 డిసెంబర్‌ల సచ్చిపోయిండు. ఆయన వేరే ఊరికి పోయిండని అబద్ధం చెప్పొచ్చు, కొత్త నటున్ని పెట్టొచ్చు. వాళ్లు రెండూ చెయ్యలే. పిల్లల మనసు తెలిసినోళ్లతోని మాట్లాడి, 1983 నవంబర్ 24న ఒక ఎపిసోడ్ ఏసిన్రు. అండ్ల పెద్ద పసుపు పిట్ట, అది ఆరేండ్ల పిల్లగాని తీరు ఆలోచిస్తది, అందరి బొమ్మలు గీసుకొచ్చి పంచుతది. హూపర్ తాత బొమ్మ చేతిలనే మిగులుతది. ఆయన వచ్చినంక ఇస్త అంటది. పెద్దోళ్లు దానికి తేటగ చెప్తరు: ఆయన సచ్చిపోయిండు, సచ్చిపోయినోళ్లు తిరిగి రారు. నిద్రపోయిండు అనలే, దేవుని కాడికి పోయిండు అనలే. నిద్రపోయిండు అంటే పిల్లలకు పండుకోవాలంటే భయమైతదని పిల్లల వైద్యులు చెప్తరు. మన ఇండ్లల్ల మనం చెప్పేది గదే మాట.

ఇంకోటి 2011ల కెనడాల వచ్చిన ‘మిస్యూ లజార్’ సినిమా. మాంట్రియల్‌ల ఒక చిన్న బడి. ఒక టీచరమ్మ తన క్లాసుగదిలనే ప్రాణం తీసుకుంటది. ముందు సూసింది ఒక పిల్లగాడు. బడి ఏం చేసింది? గోడలకు కొత్త రంగేసింది. మాట్లాడేతందుకు ఒక మానసిక నిపుణురాలిని పెట్టింది, ఇగ మిగితా ఎవ్వలు ఆ ముచ్చట ఎత్తొద్దన్నది. అల్జీరియా నుంచి పారిపోయొచ్చిన బషీర్ లజార్ ఆ క్లాసుకు కొత్త సారుగ వస్తడు. ఆయన ఇంటోళ్లను ఆడ చంపిన్రు, ఆ సంగతి ఎవలకు చెప్పుకోడు. పిల్లలు మాట్లాడాలనుకుంటున్నరు, పెద్దోళ్లు ఒద్దంటున్నరు, ఈయన నడుమ నిలవడుతడు. రంగేసిన గోడను సూస్తుంటే నాకు మా బడి యాదికొచ్చింది. మా బడిల రంగు గూడ ఎయ్యలే, పాఠం ఏడ ఆగిందో అడిగిన్రు, అంతే.

సార్లకు నేను చెప్పేది శానేం లేదు. పిల్లలకు తెలిసిన మనిషే చెప్పాలె, మైకుల కాదు, క్లాసుల. సచ్చిపోయిండు అనే మాటనే వాడాలె. తెలిసినంత చెప్పాలె, తెల్వనిది తెల్వదనాలె. ఏడ్సేటోన్ని ఏడ్వనియ్యాలె, ఏడ్వనోన్ని రాయి గుండె అనొద్దు. సెలవని నవ్వినోన్ని కొట్టొద్దు. వానికి ఇంకా అందలే, అంతే. సావుకాడికి పోతా అనే పిల్లలను ఇంటోళ్లకు చెప్పి తోలుకపోవాలె, పోను అనేటోన్ని బలవంతం చెయ్యొద్దు. కొత్తగ వచ్చే సారు మొదటి పొద్దు పుస్తకం తెరవకుండ, పోయినాయన గురించి ఏమన్న చెప్పుర్రి అని పిల్లలను అడిగితే ఆయనకేం తక్కువ కాదు. దీనికి జీవో అక్కరలేదు, బడ్జెట్ అక్కరలేదు. ఒక పీరియడ్ సాలు.

మా సారు పోయిన నెలకు ఆయన భార్య ఒక సంచి బడికి పంపిచ్చింది. అండ్ల మా క్లాసోళ్ల నోటుబుక్కులు ఉన్నయ్. ఆ ఐతారం దిద్దేతందుకు ఇంటికి తీసుకపోయిండట. పైన ఉన్న ఇరవై దాక ఎర్ర సిరాతోని దిద్ది ఉన్నయ్, సంతకం, తారీఖు. మిగితయి ఎట్లున్నయో అట్లనే ఉన్నయ్. అటెండర్ అన్న పేర్లు పిలుసుకుంట పంచిండు. క్రికెట్ల ఏడ్సినోని బుక్కు దిద్ది ఉన్నది, నాది లేదు. వాడు తన బుక్కు ఆ పేజీ తెరిచి నా ముందటవెట్టి, ‘నీది సుత గిట్లనే దిద్దుతుండె’ అన్నడు. నేను ఆ పొద్దు ఇంటికి పోయినంక ఏడ్సిన.